పక్కచూపు లేని పరుగు

ఆ వీధిలో ఆవిణ్ణి అందరూ పరుగులమ్మ అనేవాళ్ళు. బట్టలు సరిచేసే కొట్లో పని. ఆవిడ కోటు నడుము బిగించి కుట్టిందంటే కుట్టు ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతుక్కోవాల్సిందే. తెల్లారగానే నదిగట్టు మీద ఆ చివరిదాకా పరుగెత్తి వచ్చి, స్నానం చేసి కొట్టుకి వెళ్ళేది. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు, "నిన్నెవరు తరుముతున్నారే తల్లీ?" అంటే నవ్వి ఊరుకుంది. మొగుడు బస్సు డ్రైవరు. "అందరి పెళ్ళాలూ నగలడుగుతారు, మా ఆవిడ బూట్లడుగుతుంది" అని డిపోలో చెప్పుకుని మురిసిపోయేవాడు.

నలభై దాటాక ఆవిడకి స్తంభాలు తగలడం మొదలైంది. భుజాల మీద కమిలిన మచ్చలు. ఓ పొద్దున గట్టు మీద పక్కనుంచి వస్తున్న ముసలాయన సైకిల్ని గుద్దేసింది. "కళ్ళు నెత్తికెక్కాయా?" అని ఆయన నానా తిట్లూ తిట్టాడు. కనిపించడంలేదంటే కొట్టు యజమానురాలూ నమ్మలేదు. "సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తావు, గుమ్మంలో స్టూలు కనిపించలేదంటావు. ఎవరి చెవిలో పెడతావు పువ్వులు?" అంది.

కంటి డాక్టరు మాత్రం నమ్మాడు. చూపు అంచులనుంచి పోతోందనీ, ఎదురుగా ఉన్న కాస్తా కొన్నాళ్ళే ఉంటుందనీ, దీనికి మందు లేదనీ నెమ్మదిగా చెప్పాడు. అంటే లోకమంతా తలుపు తాళం కన్నంలోంచి చూస్తున్నట్టే.

ఇంట్లో అందరూ దిగాలుపడి కూర్చుంటే ఆడపడుచు నోరు తెరిచింది. రొట్టెల ఫ్యాక్టరీలో పొయ్యి దగ్గర పనిచేసే బొద్దు మనిషి, పెళ్ళి మాటెత్తితే కొట్టడానికొచ్చేది. "అన్నయ్యా, నువ్విక నిశ్చింతగా ఉండు. మా వదినకి పక్కచూపులు లేవని డాక్టరే తేల్చాడు!" అంది. అందరూ పడీపడీ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే పరుగులమ్మ బావురుమంది.

మర్నాడు పొద్దున్నే ఆడపడుచు అన్నగారి పాత బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"ఎక్కడికే?"

"నీ వెంట. నువ్వు ముందు చూసుకో, పక్కలు నేను చూస్తా."

మొదటిరోజు వీధి మలుపు తిరక్కుండానే కొలిమితిత్తిలా రొప్పింది. అయినా మానలేదు. పాత బూట్ల తాళ్ళు జడలా అల్లి, ఒక కొస వదిన మణికట్టుకీ ఇంకో కొస తన మణికట్టుకీ కట్టుకుంది. లోపలి కాళ్ళు రెండూ ఒకేసారి పడాలి, బయటి కాళ్ళు రెండూ ఒకేసారి పడాలి. అది కుదరడానికి ఓ చలికాలమంతా పట్టింది. "గుంట... మెట్టు... కుక్క, పడుకునే ఉందిలే... ఎడమకి..." అంటూ ఆడపడుచు గొంతు గట్టంతా వినిపించేది. కొన్నాళ్ళకి తాడు లాగాల్సిన అవసరం కూడా లేకపోయింది. పక్కన ఆ అడుగుల చప్పుడుంటే చాలు, పరుగులమ్మకి మళ్ళీ తన కాళ్ళు తనవే అనిపించేది.

ఊళ్ళో పెద్ద పరుగుపందెం పెడితే ఇద్దరూ చేరారు. వంతెన దిగాక దారి సన్నబడే చోట, వెనకనుంచి ఎవరో తాడు చూసుకోకుండా ఇద్దరి మధ్యనుంచి దూసుకుపోయాడు. తాడు లాగినట్టు తెలిసింది, అంతే. ఇద్దరూ పడ్డారు. ఆడపడుచు వదినని అవతలికి తోసి, తాను కాలిబాట రాతి అంచు మీద పడింది. పరుగులమ్మకి ముందు ఆమె ముఖమే కనిపించింది. నోరు తెరిచి ఉంది గానీ అరుపు లేదు. అక్కణ్ణించి తల కొంచెం కొంచెం దించుకుంటూ వస్తే గానీ మోకాలు కనిపించలేదు. అది ఉండాల్సినట్టు లేదు.

ఆస్పత్రిలో మోకాలి లోపల రేకు వేసి కుట్టారు. కాలు మళ్ళీ వంగలేదు. రొట్టెల ఫ్యాక్టరీలో పనంతా నిలబడే, కాబట్టి ఆ పనీ పోయింది. "ఏడవకు వదినా, నాకసలు పరుగంటేనే గిట్టదు" అంది ఆడపడుచు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

పందెం పెట్టిన పరుగు క్లబ్బువాళ్ళు పళ్ళు తెచ్చి పరామర్శించారు. "మీ పక్కన మేమొస్తాంగా, మీరు మానొద్దు" అని పరుగులమ్మతో అన్నారు. వచ్చారు కూడా. వానలు పట్టాక ఒక్కొక్కరే జారుకున్నారు. వాళ్ళ తప్పేం లేదు, ఎవరి బతుకులు వాళ్ళవి.

పెళ్ళాం దిగులు చూళ్ళేక ఒక సెలవునాడు బస్సు డ్రైవరు ఆవిణ్ణి డిపో వెనక ఖాళీ జాగాకి తీసుకెళ్ళాడు. స్తంభం లేదు, సైకిలు లేదు, మనిషన్నవాడు లేడు. ఆవిడ పరుగు మొదలెట్టి, సగం దూరంలో ఆగిపోయింది.

"ఆగావేం? ఎవరూ లేరుగా, పరుగెత్తు!" అని అరిచాడు.

"లేరనే ఆగానండీ" అంది. "ఇంటికి పోదాం."

ఆ ఏడాదే ఎదుటి చూపు కూడా మసకబారింది. కొట్లో కుట్టే గుండీల కాజాలు వంకర పోయాయి. యజమానురాలు కొన్నాళ్ళు గుండీలు ఏరే పని ఇచ్చి, ఆఖరికి, "ఇంట్లో విశ్రాంతి తీసుకోమ్మా" అంది. ఈసారి ఆ గొంతులో కోపం లేదు. కోప్పడినా బాగుండుననిపించింది పరుగులమ్మకి.

ఇక పగలంతా ఇంట్లో ఇద్దరే. ఒక మధ్యాహ్నం ఏదో చిన్నదానికి, పరుగులమ్మ కాలు తగిలి గ్లాసులో నీళ్ళొలికినందుకు, మాటామాటా పెరిగింది. "నీ వెంట రాకుండా ఉంటే నా కాలు నాకుండేది!" అనేసింది ఆడపడుచు.

ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు పరుగులమ్మ, "అవునే" అంది. "ఉండేది."

అనేశాక ఇద్దరిలో ఎవరి గుండె బరువూ తగ్గలేదు. ఆడపడుచు గోడవైపు తిరిగింది. పరుగులమ్మ ఒలికిన నీళ్ళు చేత్తో తడుముతూ తుడిచింది. పొద్దువాలాక బస్సు డ్రైవరు ఇంటికొచ్చేసరికి లోపల దీపం లేదు. ఒకరు స్విచ్చిదాకా లేవలేదు, ఇంకొకరికి చీకటి పడ్డ సంగతే తెలియలేదు.