తాలు కాయల పాలసీ

నాకు తెలియనిదంటూ లేని రోజులవి. రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లయింది. డిగ్రీ పూర్తి చేసి, ఆరోగ్య బీమా ఏజెంటునై, మెడకు టై తగిలించుకుని మూడు నెలలు. సత్తెనపల్లి ఎండలో టై కట్టుకు తిరిగే నన్ను చూసి కుక్కలు కూడా మొరగడం మానేసి ఆలోచనలో పడేవి.

ఆ ఏడు మా పిన్ని వాళ్ల ఊళ్లో ఒక ప్రతిపాదన లేచింది. వైద్యానికి ఊరంతటికీ ఒకటే నిధి. కోతలయ్యాక ప్రతి ఇల్లూ పొలాన్నిబట్టి మిరపకాయలివ్వాలి, ఎవరికి జబ్బు చేసినా ఖర్చు నిధిదే. అందరూ చేరి తీరాలని రైతు సంఘం ప్రెసిడెంటు పట్టుబట్టాడు (గొంతునుబట్టి ఆయన్ని అందరూ మైకు మావయ్య అనేవారు). అదే జరిగితే నా పాలసీ కొనే నాథుడుండడు. అందుకని నేను రెండో దారి చూపించాను. నిధిని ఉండనివ్వండి, ఇష్టమున్నవాళ్లు అందులో చేరతారు, లేనివాళ్లు మా కంపెనీకి వస్తారు, పోటీ ఉంటే ఇద్దరం ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తామన్నాను. ఆ మాటలో పస లేకపోలేదని ఇప్పటికీ అంటాను. కొంప మునిగింది నేను దాన్ని వివరించిన తీరుతోనే.

సభ పిన్ని వాళ్ల మిరప కల్లంలోనే పెట్టారు. ఓ పక్క పిన్ని ఆడవాళ్లతో కలిసి కాయలేరుతోంది. ఎర్రకాయలు ఒక రాశి, రంగుపోయి తెల్లబారిన తాలు కాయలు ఇంకో రాశి. ఆమెకు గుండె ఆపరేషన్ చేయించాలని గుంటూరు డాక్టరు అప్పటికే చెప్పాడు. నాలుగు దోసిళ్లు ఏరి ఓసారి ఆయాసం తీర్చుకుంటోంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ, రైతులకు రైతు భాషలోనే చెప్పాలన్న మా మేనేజరు బోధ గుర్తొచ్చి, దోసెడు ఎర్రకాయలెత్తి, ఆరోగ్యవంతులు ఇలా మా కంపెనీలోకి వస్తారన్నాను. పాత జబ్బులున్నవాళ్లను మేం తీసుకోం కాబట్టి వాళ్లు నిధిలోకి వెళ్తారంటూ తాలు రాశి మీద చెయ్యి వేశాను. (ఘాటుకు వాక్యానికి రెండు తుమ్ములొస్తున్నాయి. ఆ హెచ్చరికైనా వినవలసింది.)

పిన్ని తలెత్తకుండానే అడిగింది.

"మరి నన్ను ఏ రాశిలో పోస్తావు అబ్బాయ్?"

నేను టై సర్దుకున్నాను. రెండో చెయ్యి ఇంకా తాలు మీదే ఉంది. పిన్నే మళ్లీ అంది.

"బస్తాలో నాలుగు తాలు కాయలు కలిస్తే బస్తాకేం కాదు. తాలంతా ఒకచోట పోస్తే దాని మొహం ఎవడూ చూడడు. ఎర్రకాయలన్నీ నువ్వు పట్టుకుపోతే మమ్మల్ని ఎవరు మొయ్యాలి?"

మైకు మావయ్య, జీవితంలో మొదటిసారి నెమ్మదిగా, ఒకే నిధికి ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండన్నాడు. అన్ని చేతులూ లేచాయి. నాకు చచ్చేంత సిగ్గేసి ముఖం తుడుచుకున్నాను, ఆ మిరపకాయల చేత్తోనే. ఇక చూడండి, కళ్లలోంచి ధారలు. ఊరంతా దాన్ని పశ్చాత్తాపమనుకుంది. సగం నిజమే. ఆయాసపడుతూ వచ్చి, బిందెడు నీళ్లతో నా కళ్లు కడిగింది పిన్నే.

మరుసటేడు నిధి డబ్బుతోనే ఆమె ఆపరేషన్ జరిగింది. (ఆ తర్వాత వరసగా రెండేళ్లు పంట పోయి నిధి మూలపడింది. ఊరంతటికీ ఒకటే బస్తా అయితే వచ్చే చిక్కు అదే. అప్పుడు మాత్రం 'నేను చెప్పలేదా' అనడానికి నోరు రాలేదు.)

మొన్న ఒక కుర్రాడు టై కట్టుకుని మా ఇంటికి పాలసీ పట్టుకొచ్చాడు. షుగరుందా, బీపీ ఉందా అని అడిగాడు. రెండూ ఉన్నాయన్నాను. ఫారం మెల్లగా మడిచి, "మీకు కొంచెం కష్టమండి" అన్నాడు. వాడి మీద కోపం రాలేదు. చెమటలు కక్కుతున్నాడని మజ్జిగ ఇచ్చి, ముఖం తుడుచుకునేముందు చేతులు కడుక్కోమన్నాను.