ఒక్క పిలుపుతో ఆడే ఆట

పాత కంప్యూటర్ డబ్బా విప్పితే వేడెక్కిన దుమ్ము వాసన వస్తుంది. నిన్న హైదరాబాదులో మా ఆఫీసులో ఒకటి విప్పారు. ఆ వాసనకి మహబూబ్‌నగర్‌లో నేను డిగ్రీ చదివిన కాలేజీ ల్యాబు, మా కంప్యూటర్ లెక్చరర్ సుజాత మేడం గుర్తొచ్చి మనసు గంతులేసింది. ఇవాళ నేను వీడియో గేములు తయారుచేసి బతుకుతున్నానంటే కారణం ఆవిడే.

తెలంగాణ వచ్చిన కొత్తలో మాట. చివరి ఏడాది ప్రాజెక్టుకి నేనొక గేము చేశాను. అన్నీ తుపాకులు, పేలుళ్లు. మేడం ఓపిగ్గా చివరిదాకా ఆడారు. "మంచిగుంది మంజులా. కానీ లేచినంక నా మనసుల ఏం మిగలలే. నిన్ను బాగ ఏడిపించిన సంగతేందో చెప్పు" అన్నారు.

మాది అమ్రాబాద్ దగ్గర గొర్రెలు కాసే కుటుంబం. చిన్నప్పుడు నేను పెంచుకున్న గొర్రెపిల్ల అడవి అంచున తప్పిపోయింది. బాపు, నేను సాయంత్రమంతా పిలిచాం. ఎక్కడినుంచో అది అరిచేది. అటు పరుగెత్తితే అరుపు ఇంకో దిక్కున వినిపించేది. కాసేపటికి అదీ ఆగిపోయింది. ఈ సంగతంతా మేడంకి చెప్పాను. వినగానే ఆవిడ కుర్చీలోంచి దిగ్గున లేచారు.

"గిదే! గిదే చెయ్యి!"

"దీంట్ల ఆడనీకె ఏముంది మేడం? పిలుసుడు, నడుసుడు, అంతే గద."

"అంతే చాలు. ఒక్క మీట పెట్టు. ఒత్తితే పిలవాలె. మిగిలిందంత ఆడేటోళ్ల గుండెల జరగాలె."

నాకు ధైర్యం చాలలేదు. ఒక పులిని పెట్టాను, దాన్ని కొట్టడానికి రాళ్లు పెట్టాను, పాయింట్లు పెట్టాను. మేడం ఒక్కొక్కటే తీయించారు. "చేతిల రాయి ఉంటే భయం పోతది. పులి ఉందో లేదో తెల్వకుంటేనే పిల్ల కోసం పాణం కొట్టుకుంటది" అన్నారు. మొదట ఉడుక్కున్నాను. కానీ అన్నీ తీసేసి ఆడి చూసుకుంటే నేనే మీట మీంచి వేలు తీయలేకపోయాను.

"నిజంగ అది దొరికిందా?" అని అడిగారు మేడం.

"లే మేడం. ఆటల మాత్రం దొరకాలె. ఒక్కసారన్న దొరకాలె."

కాలేజీలో ప్రదర్శన రోజున అందరూ పక్కనున్న కారు పందేల గేము చుట్టూ మూగారు. నా దగ్గరికి ఎవరూ రాలేదు. చివరికి మా క్లాసు నరేష్ వచ్చాడు, అదీ వెక్కిరించడానికి. "తుపాకి లేదు, కారు లేదు. గిదేం ఆటనే?" అంటూ మీట ఒత్తాడు. దూరంగా చిన్న అరుపు. మళ్లీ ఒత్తాడు. అరుపు సన్నబడింది. వాడి నవ్వు ఆగిపోయింది. ఇక ఏమీ వినబడకపోయేసరికి, మీట ఒత్తుతూనే, "రా... రావే..." అని నోటితో కేకలు మొదలుపెట్టాడు! ఏమైందోనని జనం పరుగెత్తుకొచ్చారు. పొదల్లోంచి చిన్న తెల్లటి మూతి బయటికి రాగానే "వచ్చింది! వచ్చిందిరో!" అని గుంపంతా అరిచింది.

నేను కళ్లార్పకుండా తెరనే చూస్తున్నాను. మేడం నా గడ్డం పట్టుకుని పక్కకు తిప్పారు.

"గది కాదు పిల్లా, వాళ్ల మొఖాలు చూడు."

నరేష్ కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

ఇప్పటికీ కొత్త ఆటను ఎవరి చేతికైనా ఇచ్చినప్పుడు నేను తెరకు వీపు పెట్టి, ఆడే మనిషికి ఎదురుగా కూర్చుంటాను. వేళ్లు ఎంత వేగంగా కదిలాయో నాకు అక్కర్లేదు. ఆ మనిషి ఊపిరి బిగబట్టే క్షణం కోసం కాచుకుని ఉంటాను. అది కనబడిన రోజు ఇంటిదాకా పాడుకుంటూ వెళ్తాను.