పాలకొండకు పోయిన విలన్

పోయిన ఆదివారం మా మనవరాలు సినిమా చూసొచ్చి, చెప్పులైనా విప్పకుండా, ఫోను ముఖానికి ఎదురుగా పెట్టుకొని ఆ సినిమా ఎట్లా ఉందో చెప్పడం మొదలుపెట్టింది. పాటలు పరవాలేదట, మొదటి సగం సాగిందట, విలన్ మాత్రం అదరగొట్టాడట. అంతవరకు నేనూ చిక్కుడుకాయలు తుంచుకుంటూ వింటూనే ఉన్నాను. ఆ తర్వాత ఆ పిల్ల, విలన్ నడక చూస్తే మా వైపు ఫలానా నాయకుడే గుర్తొచ్చాడని పేరుతో సహా నవ్వుతూ అనేసి, ఆ మాటలను లోకమంతటికీ పంపించేసింది. నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. తీసెయ్యవే తల్లీ అని బతిమాలితే, ఎవరూ పట్టించుకోరులే జేజీ, అందరూ పెడుతూనే ఉంటారు అంటూ స్నానానికి పోయింది. నేను లేచి వీధి తలుపుకు గడియ పెట్టి వచ్చాను. పట్టపగలు, కడప నడిబొడ్డున, ఈ వయసులో నాకు అంత భయమేమిటో నా ఈడువాళ్లకు చెబితే తెలుస్తుంది గానీ, ఆ పిల్లకేం తెలుస్తుంది!

మాది వేంపల్లె దగ్గర ఒక పల్లె. మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, పని మీద కడపకు పోయినప్పుడల్లా మధ్యాహ్నం ఆట చూడకుండా తిరుగుబస్సు ఎక్కేవాడు కాదు. మాది తరాలుగా చర్చికి పోయే కుటుంబం. సినిమాహాలంటే సాతాను కొలువుకూటమని మా జేజి, అంటే నాయనను కన్నతల్లి, గట్టిగా నమ్మేది. అయినా వేరుశెనగ విత్తనానికి కాయలు ఒలిచే రోజులు వచ్చాయంటే ఆమె నోరు మూతపడేది. ఎందుకంటే చిన్నాయన సినిమా చెప్తాడని తెలిస్తే చాలు, చుట్టుపక్కల ఆడవాళ్లంతా ఎవరి చేట వాళ్లు తెచ్చుకొని మా పంచలో కూర్చునేవాళ్లు, కథ అయ్యేదాకా లేచేవాళ్లు కాదు, కథతోపాటు మా ఇంటి కాయలన్నీ ఒలవడమూ అయిపోయేది. ఆ లాభం చూసే మా జేజి సాతానుతో రాజీపడిందని మా అమ్మ చాటున నవ్వుకునేది.

చిన్నాయన కథ చెప్పి ఊరుకునే మనిషి కాదు, చివర తీర్పు కూడా చెప్పేవాడు. కొన్నిటికి టికెట్టు కొని పోవచ్చు, కొన్నిటికి ఎవరన్నా కొనిస్తే పోవచ్చు, కొన్నిటికి కొనిచ్చినా పోగూడదు. ఆయన వద్దన్న సినిమాకు మా వీధిలో ఎవరూ పోయేవాళ్లు కాదు. సినిమా విషయంలో ఆయన అబద్ధం చెప్పడని అంత నమ్మకం, మిగతా విషయాల్లో ఆ నమ్మకం మా చిన్నమ్మకు కూడా లేదు!

ఒక ఏడాది అట్లాగే కాయలు ఒలుస్తూ ఉండగా, ఊళ్ల మధ్య కక్షల సినిమా ఒకటి చెప్పాడు. అందులో ఊరిని వణికించే దుర్మార్గుడిని, చివరికి ఎన్నో ఏళ్లుగా వెన్నంటి ఉండి నీళ్లచెంబు అందించే మనిషే పొడిచి చంపుతాడు. కథ అయ్యాక చిన్నాయన ఉత్సాహం పట్టలేక, "పోయి సూడండమ్మా, ఆ చెడ్డోడు మీసం మింద చెయ్యేసుకొని నడస్తాంటే మన పెద్దాయన నడిచొచ్చినట్లే ఉండాది!" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. పంచలో కాయలు చిట్లే చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది.

మా ఊళ్లో పెద్దాయన అంటే ఒక్కడే. పొరుగూరి వాళ్లతో ఆయనకు తండ్రుల నాటి కక్ష, రెండు వైపులా మనుషులు పోయారు. ఆయన పేరు మేం పిల్లలం ఆటల్లో కూడా పలికేవాళ్లం కాదు. గోడలకు చెవులుంటాయంటారు, మా ఊరి గోడలకు కాళ్లు కూడా ఉండేవి. మరునాడు మధ్యాహ్నం అన్నాలు తింటూ ఉండగా పెద్దాయన వెంట ఎప్పుడూ ఉండే మనిషి మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. "పెద్దాయన పిలుస్తాండాడు రాప్పా" అన్నాడు చిన్నాయనతో. మా నాయన చెయ్యి కడుక్కొని తానూ వస్తానని లేస్తే, "ఆయప్పను ఒక్కన్నే రమ్మన్యాడు" అని ఆపేశాడు.

చిన్నమ్మ ఏడవడానికి కూడా భయపడి కొంగు నోట్లో కుక్కుకుంది. జేజి పొయ్యి దగ్గరే మోకాళ్లూని ప్రభువా ప్రభువా అంటూ ఉండిపోయింది. మా అమ్మ పిల్లలందరినీ లోపలి గదిలోకి తోసి తలుపు వేసింది. మేం ఒకరి చేతులొకరం పట్టుకొని, వీధిలో ఎవరి అడుగు వినబడినా ఊపిరి బిగబట్టాం. చిన్నాయన ఇక రాడని నేను నిశ్చయించుకున్నాను. ఆయన లేకపోతే నన్ను తిరునాళ్లకు ఎవరు తీసుకుపోతారని కూడా ఏడ్చాను, పిల్లల ఏడుపు అట్లాగే ఉంటుంది.

పొద్దు వాలుతూ ఉండగా ఆయన తిరిగొచ్చాడు. చొక్కా తడిసి ముద్దయి ఉంది. మంచం మీద పడి, జరిగింది చెప్పాడు.

పెద్దాయన కొట్టనూ లేదు, తిట్టనూ లేదట. గోడకు వీపు ఆనించి కూర్చొని, పక్కన ఆ మనిషి నిలబడి ఉండగా, ఆ సినిమా చెప్పమన్నాడట. "నేను సినిమాకు పోయి శానా ఏండ్లాయప్పా. చీకట్లో ఎనక ఎవురు కూచుంటారో తెల్దు గదా" అన్నాడట. చిన్నాయన మొదలుపెట్టి, చెప్పుకుంటూ చెప్పుకుంటూ ఆ చివరి ఘట్టం దాకా వచ్చాడు. అక్కడ పెద్దాయన, "కడాకు వాడు ఏమైతాడు?" అని అడిగి, నీళ్లకు చెయ్యి చాచాడు. పక్కనున్న మనిషి చెంబులో నీళ్లు ముందు తాను ఒక గుక్క తాగి ఆయనకు అందించాడు.

చిన్నాయన ఆ చెంబు చూశాడు, ఆ మనిషిని చూశాడు. ఆ మనిషి కాపురం మా వెనక వీధిలోనే. భార్య మా పంచకు చేట తెచ్చుకునేది, పిల్లలు మాతోనే ఆడుకునేవాళ్లు. నీళ్లిచ్చేవాడే పొడిచాడని చెబితే, ఆ మాట పెద్దాయన మనసులో పడితే, ఆ మనిషికి ఆ ఏడు గడుస్తుందని చెప్పలేం. మా వైపు ఎంతో మంది అనుమానానికే పోయారు. అందుకని మా చిన్నాయన, సినిమా విషయంలో ఎన్నడూ అబద్ధమాడని మా చిన్నాయన, వాడు విరక్తి పుట్టి అన్నీ వదిలేసి కొండకు పోయి సాధువుల్లో కలిసిపోతాడని చెప్పాడు. పెద్దాయన చెంబు ఎత్తి నీళ్లు తాగాడట. తర్వాత, "అట్ల పోనిస్తారా ఎవురన్నా?" అని మాత్రం అని, పొమ్మన్నాడట.

బయటపడ్డాం అనుకోవడానికి లేదు. అసలు ముగింపు పంచలో కూర్చున్న ఆడవాళ్లందరికీ తెలుసు. ఎవరి నోట జారినా చిన్నాయనా మిగలడు, ఆ మనిషీ మిగలడు. మరునాడు చేటలు పట్టుకొని వచ్చినవాళ్లతో జేజే చెప్పింది: "ఎవురు అడిగినా సినిమాలో ఆ చెడ్డోడు కొండకు పోయినాడనే చెప్పండమ్మా." ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఆ మనిషి భార్య తలెత్తకుండా ఒలుస్తూనే ఉంది. అబద్ధమాడే నాలుకకు అగ్నిగుండమే గతి అని మమ్మల్ని పెంచిన జేజి, జన్మలో ఒక్క సినిమా చూడని జేజి, ఆ దొంగ ముగింపును మా చేత బైబిలు వాక్యం వల్లె వేయించినట్లు వల్లె వేయించి, "ఈ అబద్ధానికి దేవునికి నేను చెప్పుకుంటాలే" అంది.

నా వంతు కూడా వచ్చింది. బడి నుంచి వస్తూ ఉంటే పెద్దాయన జీపు నా పక్కన ఆగింది. ముందు సీట్లో ఆ మనిషి రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. వెనక నుంచి పెద్దాయన, "మీ చిన్నాయన చెప్పిన సినిమా నువ్వూ వింటివా పాపా? కడాకు వాడు ఏమైతాడు?" అన్నాడు. కొండకు పోతాడన్నాను. "ఏ కొండకు?" అన్నాడు. అది జేజి నేర్పలేదే! నాకు తెలిసిన కొండ ఒక్కటే, మా కడప దగ్గరిది, పాలకొండకు అనేశాను. పెద్దాయన నా ముఖంలోకి అట్లా చూస్తూ ఉండిపోయాడు. "సినిమాలో పాలకొండ యాడిది పాపా" అని చిన్నగా నవ్వి, జీపు పోనిమ్మన్నాడు. నేను పరుగెత్తుకొని వచ్చి చెబితే జేజి నెత్తి కొట్టుకుంది, "కొండకు పేరెందుకు పెడితివే నా తల్లీ!" అని. ఆ తర్వాత కొన్నాళ్లు ఊరంతా పాలకొండే చెప్పింది, ఏం చేస్తారు మరి. చిన్నాయన మాత్రం మళ్లీ ఎన్నడూ సినిమా చెప్పలేదు. కాయలు చప్పుడు లేకుండా ఒలిచేవాళ్లం.

పెద్దాయన చాలా ఏళ్ల తర్వాత జబ్బు చేసి మంచం మీదే పోయాడు, మా వైపు అట్లాంటివాళ్లకు అది దొరకని చావు. కర్మాంతరాలు అయిపోయాక ఆ మనిషి, అప్పటికి జుట్టంతా నెరిసింది, మా ఇంటికి వచ్చి చిన్నాయన పక్కన కూర్చున్నాడు. కాసేపు వానల సంగతి మాట్లాడి, "ఆ సినిమా నేను నీ కంటే ముందే సూసింటినప్పా" అన్నాడు. "నువ్వు కడాకు వచ్చేతలికి నా పని అయిపోయిందనుకుంటి." ఇద్దరూ ముసలివాళ్లు, చేతులు పట్టుకొని ఏడ్చారు.

ఇప్పుడు ఆ కక్షలు చల్లబడ్డాయి, విత్తనం కాయలు మిషనులో ఒలుస్తున్నారు, సినిమా ఎట్లా ఉందో చెప్పడానికి ఒకరి ఎదుట ఒకరు కూర్చోవలసిన పనే లేదు. ఆ భయం నా పిల్లలకు లేనందుకు నేను రోజూ స్తోత్రం చెప్పుకుంటాను. అయితే ఎదుట ఎవరున్నారో, మన మాట ఎవరి ఇంటి మీద పడుతుందో చూసి మాట్లాడడం కూడా దాంతోపాటే పోయిందే అని బెంగగా ఉంటుంది. ఈ మధ్య ఆ పాత సినిమా టీవీలో వచ్చింది. నీళ్లచెంబు మనిషి ఆ దుర్మార్గుడి దగ్గరికి నడిచి వస్తూ ఉండగానే లేచి ఆపేశాను. మా ఊళ్లో అది అట్లా ముగియలేదు.