పేజీ వెనుక తడి చెక్క

ఫర్నిచర్ కార్ఖానాలో వడ్రంగులు ఆమెను గళ్ళమ్మ అనేవారు. వెబ్ పేజీ చేయమంటే కంప్యూటర్ ముట్టుకోకుండా ముందు కాగితం మీద గళ్ళు గీసుకునేది మరి. పైన పేరుకు ఒక పట్టీ, ఎడమన సన్నని నిలువు గడి, మధ్యలో కుర్చీల ఫొటోలకు చోటు. మిగతాదంతా ఖాళీ.

"ఇంత జాగా వదిలేశావేంటమ్మా, అద్దెకిస్తావా?" అని ఎగతాళి చేసేవాడు మేస్త్రీ.

"కన్ను కాసేపు కూర్చోవద్దా బాబాయ్" అనేది.

ఆ పేజీ నచ్చితే ఆమెను ఆఫీసులో శాశ్వతంగా పెట్టుకుంటానన్నాడు యజమాని. ఇన్నేళ్ళూ భోజనాల బల్ల మీద గిన్నెలు పక్కకు జరిపి వాళ్ళకీ వీళ్ళకీ పేజీలు చేసిపెట్టిన మనిషికి తనదంటూ ఒక కుర్చీ, ఒక కిటికీ.

పేజీ వెనుక పరిచే బొమ్మ కోసం కలప దొడ్డి అంతా తిరిగింది. చివరికి ఒక నల్లటి పలక మీద నీళ్ళు చల్లింది. ఎండిన నదికి తన నీళ్ళు గుర్తొచ్చినట్టు చెక్కలోని గీతలన్నీ కదిలాయి. ఫొటో తీసి, కుడి అంచు ఎడమ అంచుతో కలిసేలా ఒక్కో గీతా సవరించింది. పక్కపక్కన ఎన్నిసార్లు పరిచినా అతుకు కనబడదు. ఆ చీకటి మీద తెల్లటి అక్షరాలు, వాన వెలిసిన వీధిలో దీపాల్లా.

చెల్లెలి మొగుడు రోజూ వచ్చి పక్కన కూర్చునేవాడు. అతనికి ఈ పని నేర్పింది ఆమే. "వదినా, ఆ పేజీ నా పెన్‌డ్రైవ్‌లో వేసివ్వవా, చూసి నేర్చుకుంటా" అన్నాడు. వేసిచ్చింది. ఆమె యజమానికి చూపించాల్సిన రోజుకు ముందురోజే అతను వెళ్ళి, పేజీ అడుగున తన పేరు పెట్టి చూపించేశాడు. వదినకు ఓపిక లేక తనకు వదిలేసిందని కూడా చెప్పాడు. ఆమె వెళ్ళేసరికి కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"మీ ఇంటి గొడవలు నా దగ్గరెందుకమ్మా" అన్నాడు యజమాని.

"పోనీలే అక్కా, ఎవరు చేస్తేనేం, మనింట్లోకేగా" అంది చెల్లెలు.

పోనివ్వలేదు. మానుతున్న పుండును గిల్లుకున్నట్టు రోజూ ఆ పేజీ తెరిచి చూసేది. ఒకరోజు దాని కోడ్ చదువుతుంటే కంటపడింది. మాటలూ గళ్ళూ అన్నీ తన చోటికి మార్చుకున్నాడు కానీ చెక్క బొమ్మను మార్చుకోలేదు. పేజీ తెరిచిన ప్రతిసారీ ఆ బొమ్మ ఇంటర్నెట్‌లో ఆమె అద్దెకు తీసుకున్న చోటు నుంచే, ఆమె సర్వర్ నుంచే వస్తోంది. తెర మీద కనబడుతోంది కదా, ఎక్కడినుంచి వస్తే ఏమిటనుకున్నాడు. పైగా బొమ్మ రాని రోజు కోసం ఆమె దాని వెనుక వేసిన ముదురు రంగును, అనవసరమని తీసేశాడు. ఇప్పుడు బొమ్మ తొలగిస్తే మిగిలేది తెల్లటి పేజీ, దాని మీద తెల్లటి అక్షరాలు.

నవ్వొచ్చింది. ఆ నవ్వును సన్నటి సెగ మీద పెట్టి దాచుకుంది. చెల్లెలితో మామూలుగానే మాట్లాడింది. మరిది వస్తే టీ కూడా ఇచ్చింది.

కార్ఖానా కొత్త షోరూం తెరిచే ఉదయం, ఊళ్ళో పెద్దమనుషులంతా గోడంత తెర ముందు కూర్చున్నారని చెల్లెలే ఫోన్‌లో మురిసిపోతూ చెప్పింది. "ఇప్పుడే ఈయన మైకు తీసుకున్నారక్కా!"

ఆమె బొమ్మను తొలగించింది.

కాసేపటికి మరిది ఫోను. "వదినా, పేజీకి ఏమైందో... ఏమీ కనబడట్లేదు."

"అయ్యో. అక్షరాలున్నాయా?"

"ఉన్నాయి. కనబడట్లేదంతే."

"పాపం, ఉండీ కనబడకపోతే కష్టమే."

అవతల కుర్చీలు కదిలిన చప్పుడు, ఎవరిదో కిసుక్కున నవ్వు.

"నీ కాళ్ళు పట్టుకుంటా, పెట్టెయ్ వదినా."

"కాళ్ళెందుకు, చేతిలో మైకుందిగా. ఎవరు చేశారో చెప్పు."

"అందరి ముందూనా?"

"నువ్వు దాన్ని అందరి ముందే పెట్టావు కదా నాన్నా."

చెప్పాడు. ఆ గొంతు తడబడుతుంటే ఫోన్‌లోంచి ఒక్కో మాటా చప్పరిస్తూ విన్నది. "గట్టిగా చెప్పు, వెనకవాళ్ళకు వినబడొద్దూ" అంది. మళ్ళీ చెప్పాడు. అయినా బొమ్మ వెంటనే పెట్టలేదు. ఆ తెల్లటి తెరనూ, దాని ముందు దిక్కులు చూస్తున్న మనిషినీ తీరిగ్గా ఊహించుకుంది. యజమాని స్వయంగా ఫోన్ చేసి, రేపట్నుంచి ఆఫీసుకు రమ్మన్నాకే పెట్టింది.

సాయంత్రం చెల్లెలు వచ్చింది. గడప దాటలేదు.

"పొద్దున్నించీ ముద్ద ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకున్నారు. కడుపు చల్లబడిందా అక్కా?"

ఆమె చెల్లెలి ముఖంలోకి చూసింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి. ఆ కళ్ళ ముందు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఇంకా లేదే. రేపు ఆ కుర్చీలోంచి లేస్తాడు కదా, అది చూశాక చెప్తాను."