గురువుగారి షీటులో ఆరో టాబ్

వీరాంజనేయులు అమెరికాలో, మోరిస్‌విల్ అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ టెస్టరు. అంటే పక్కవాళ్ళు రాసినదాంట్లో తప్పులు పట్టే ఉద్యోగం. పదేళ్ళుగా అదే పని చేసీ చేసీ, తప్పులనేవి పక్కవాళ్ళే చేస్తారని ఆయనకొక గట్టి నమ్మకం ఏర్పడిపోయింది. ఎవరైనా "బాగున్నావా ఆంజీ" అంటే చాలు, పాఠం మొదలు. ఆ పాఠం కొన్నాళ్ళు కారు మైలేజీ మీద, కొన్నాళ్ళు గ్రీన్‌కార్డ్ క్యూ మీద నడిచి, 2012 వచ్చేసరికి పేకాట మీద పడింది.

పేకాటంటే మన రమ్మీ అనుకునేరు. కాదు, పోకర్. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక స్నేహితుడు రామమోహన్ తన కార్లు రెండూ బయటపెట్టి గ్యారేజీలో టేబుల్ వేసేవాడు. ఏడెనిమిది మంది చేరేవారు. చేతిలో తలా రెండు ముక్కలు. అందరికీ కలిపి టేబుల్ మీద ముందు మూడు తెరుస్తారు, దాన్ని ఫ్లాప్ అంటారు. తర్వాత ఒకటి, ఆఖర్న ఇంకొకటి. మధ్యమధ్య చిప్పులనే బిళ్ళలతో పందేలు. పందెం పెంచితే రైజ్, దానిమీద ఇంకా పెంచితే రీరైజ్, ఎదుటివాడితో సమానంగా వేస్తే కాల్, మధ్యలో పోగైనదంతా పాట్. అందరూ సరదాకి ఆడుకునే ఆట. ఆంజీ ఉన్నచోట సరదా ఎక్కడిది!

"వాడు రైజ్ చేశాడు, నువ్వు దానిమీద రీరైజ్ చేశావ్, వాడు కాల్ చేశాడు. ఇప్పుడు ఫ్లాప్ వచ్చింది. ఎంత బెట్ చేస్తావ్?" అని సమోసా తింటున్న తిరుపతయ్యని నిలదీసేవాడు.

"గట్టిగనే కొట్టాలె గదా అన్నా?"

"అదే మీరు చేసే తప్పు! పాట్‌లో మూడో వంతు. చేతిలో ముక్కకి జత పడినా మూడో వంతే, పడకపోయినా మూడో వంతే. సైజ్ మార్చావంటే నీ చేతిలో ఏముందో ఎదుటివాడికి చెప్పేసినట్టే."

మాట నిజమే. అక్కడివరకూ ఆంజీని తప్పుపట్టడానికి లేదు. అంతటితో ఊరుకుంటే ఆయన ఆంజీ ఎందుకవుతాడు? ఫ్లాప్‌లో రాజు వస్తే ఎంత, మూడు ముక్కలూ ఒకే రంగైతే ఎంత, ఎదుటివాడు భయస్థుడైతే ఎంత అని తొమ్మిది టాబ్‌లతో ఒక షీటు తయారుచేసి, గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, లింకు అందరికీ మెయిల్ కొట్టాడు. 'లేటెస్ట్ వెర్షన్. ప్లీజ్ రివ్యూ.' నిమిషం తిరక్కుండా జవాబులొచ్చాయి. 'సూపర్ అన్నా.' 'ఆసమ్ గురూ.' తొమ్మిది టాబ్‌లు నిమిషంలో ఎలా చదివారయ్యా అన్న అనుమానం మన టెస్టరుగారికి రానేలేదు. రెండేళ్ళలో పదకొండు వెర్షన్లు పంపాడు. ప్రతిసారీ అవే పొగడ్తలు, ప్రతిసారీ అదే మురిపెం.

2014 వేసవిలో గ్యారేజీ బృందం ఒక ఒప్పందానికొచ్చింది. అందరూ తలా కొంత వేసుకుని, ఒక్క శనివారం పోటీలో గెలిచినవాళ్ళని వేగాస్‌లో జరిగే పెద్ద పోకర్ టోర్నమెంట్‌కి పంపాలని. ఇక ఆంజీకి నిద్ర పడితే ఒట్టు. పోటీ ఇంకా వారం ఉందనగానే వేగాస్ ప్రయాణానికి సెలవు పెట్టేశాడు. నల్లకళ్ళద్దాలు కొన్నాడు. ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర వీడ్కోలు కూడా చెప్పేశాడు. గెలవకపోతే సోమవారం ఆ ముఖం ఎక్కడ పెట్టుకుంటాడో ఆయనకే తెలియాలి.

ఆ శనివారం బృందంలోని ధర్మారావు రాలేదు, అత్తమామల్ని తీసుకురావడానికి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళాడు. ఖాళీ కుర్చీలో కూర్చోమని రామమోహన్ పద్మని పిలిచాడు. పద్మ ఆంజీ భార్య, ఫార్మా కంపెనీలో డాక్యుమెంట్లు రివ్యూ చేస్తుంది. మందు డబ్బాలో ఇచ్చే చీటీ కూడా చివరిదాకా చదివే మనిషి.

"నీకెందుకే ఇది, తలనొప్పి," అన్నాడు ఆంజీ.

"కాసేపు ఆడి లేచిపోతాలెండి," అందామె.

లేవలేదు. ఒక్కొక్కరే లేచి పులిహోర దగ్గరికి చేరారు. నాలుగు దాటేసరికి టేబుల్ దగ్గర మిగిలింది మొగుడూ పెళ్ళామే. ఆంజీకి లోపల సంతోషం ఆగడంలేదు. ఇంట్లోవాళ్ళ మీద గెలవడమూ ఒక గెలుపేనా అని నలుగురూ అంటారేమోనన్న బాధ ఒక్కటే.

పద్మ రైజ్ చేసింది. ఆంజీ రీరైజ్ చేశాడు, మూడు వేలు. ఆమె కాల్ చేసింది. మధ్యలో ఆరు వేల చిప్పులు. ఫ్లాప్‌లో రాజు, ఏడు, రెండు పడ్డాయి. ఆంజీ చేతిలో ఆసు, రాణి. ఒక్క ముక్కా కలవలేదు. కళ్ళద్దాలు సర్దుకుని, మూడో వంతు అని ఊరందరికీ చెప్పిన పెద్దమనిషి, ముప్పావు వంతు తోశాడు. నాలుగున్నర వేలు!

పద్మ ఆ చిప్పుల వంక చూసింది. మొగుడి వంక చూడనుకూడా లేదు. కాల్ చేసింది.

తర్వాతి ముక్కా కలవలేదు. ఆంజీ గొంతు సవరించుకుని మిగిలినవన్నీ నెట్టాడు. "ఆల్ ఇన్!"

"కాల్," అని ముక్కలు తిప్పింది. ఎనిమిది, ఏడు.

"ఏడుల జతతోనా? గింత ధైర్యమేంది వదినా!" అని తిరుపతయ్య నోరు వెళ్ళబెట్టాడు. ఆఖరి ముక్క మూడు, ఆంజీకి అదీ కలవలేదు. వేగాస్ పద్మది. గ్యారేజీ అదిరిపోయేలా చప్పట్లు కొట్టారు. ఆంజీ కూడా కొట్టాడు పాపం, ఆగి ఆగి.

ఇద్దరూ కారెక్కారు. సిగ్నల్ దగ్గర ఆంజీ ఇక ఉండబట్టలేక, "లక్ బాగా కలిసొచ్చింది నీకు," అన్నాడు.

"లక్ ఏంటండీ? మీ షీటులో ఆరో టాబ్‌లో మీరే రాశారుగా. 'నా వరకు: ముక్క పడితే మూడో వంతు, పడకపోతే ముప్పావు వంతు పెట్టి భయపెట్టాలి' అని."

ఆంజీ గిర్రున ఆమెవైపు తిరిగాడు. "అమ్మో, అయితే ఆ టాబ్ వాళ్ళందరూ కూడా..."

"ఎవరూ చూడలేదు, కంగారుపడకండి. లింకు పంపారు గానీ పర్మిషన్ ఇవ్వలేదు మీరు. మన ఇంటి అకౌంట్‌కి తప్ప ఎవరికీ తెరుచుకోదు."

"రెండేళ్ళుగానా? మరి షీటు తెరుచుకోవట్లేదని ఒక్కడైనా యాక్సెస్ అడగాలి కదా!"

సూపర్లూ, ఆసమ్‌లూ, పదకొండు వెర్షన్లకి వచ్చిన పొగడ్తలన్నీ ఆంజీ చెవుల్లో మోగాయి. సిగ్నల్ పచ్చగా మారింది. వెనకాల ఎవరో హారన్ కొట్టారు. కారు కదిలించి అడిగాడు.

"నువ్వు... మొత్తం చదివావా?"

"తొమ్మిది టాబ్‌లూ చదివాను. పదకొండు వెర్షన్లూ. రెండో టాబ్‌లో ఒక ఫార్ములా తప్పుంది."

వేగాస్ పోయింది, గురుపీఠం పోయింది, సోమవారం ఆఫీసులో ముఖం చూపించే దారీ లేదు. అయినా ఆంజీ కళ్ళద్దాలు తీసి డాష్‌బోర్డ్ మీద పెట్టి, రెండేళ్ళ దాహంతో అడిగాడు.

"ఏ సెల్‌లో?"