కోరం ఏ ఊరాయన?

మా అత్తకు కోపం ముక్కు మీదుండేది, నాకు నాలిక మీద. మద్రాసు గవర్నమెంటు ఊళ్లకు పంచాయతీ బోర్డులు ఇచ్చిన రోజుల్లో, అత్తాకోడళ్లం ఒక బావి కోసం ఆ బోర్డు చుట్టూ తిరిగాం. మార్కాపురం దగ్గర మా పాలెంలో అన్నీ కిరస్తానీ ఇళ్లు. మేం ముట్టుకుంటే మైలని, ఊరి బావిలో చేద వేయకూడదు, ఎవరైనా దయతలిచి పోస్తే పట్టుకోవాలి. ఆ ఎండాకాలం వాగులో చెలమలు కూడా ఎండిపోయాయి. నా చంకలో పాలు తాగే బిడ్డ.

బోర్డులో రెండు పార్టీలు, పాతోళ్లూ కొత్తోళ్లూ. మా బావి సంగతి మీటింగులో ఎత్తగానే ఒక పార్టీ లేచిపోయేది. పేరు అవతలివాళ్లకు పోతుందని ఏడుపు. అడగబోతే వీళ్లు వాళ్లను తిట్టేవారు, వాళ్లు వీళ్లను తిట్టేవారు. తిట్టుకోవడం అయ్యాక అందరూ చెప్పేది ఒకటే మాట, కోరం రాలేదని.

కోరం అంటే తాసిల్దారు లాంటి దొర ఎవరో అనుకున్నాం. మా అత్త ఆ దొరకు కానుకగా గుడ్లు పెట్టే కోడిని చంకన పెట్టుకుని ప్రెసిడెంటు వాకిట్లో నిలబడింది.

"అయ్యా, ఆ కోరమాయనది ఏ ఊరు? మేమే పోయి పిల్చుకొస్తాం. మా పాలేనికి అంటే రాడా ఏంది?"

అరుగు మీద రెండు పార్టీల వాళ్లూ ఉన్నారు. పొట్టలు పట్టుకుని నవ్వారు. వాళ్లు కలిసి చేసిన పని నేను చూసింది అదొక్కటే. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతుంది.

మీటింగు నడవాలంటే ఉండవలసినంత మంది మెంబర్లనే కోరం అంటారని మా బడి అయ్యవారు చెప్పాడు. మా అత్త ఆ పూటే కోడిని కోసింది. పాలెం మగవాళ్లందరికీ వడ్డించి, మన బావి మనమే తవ్వుకుందామంది. ముక్కలకంటే పులుసే ఎక్కువలే. పలకల గనుల్లో రాయి కొట్టే చేతులు మావాళ్లవి. తెల్లారి వాగు పక్క పోరంబోకులో గడ్డపార దిగింది. ఆడవాళ్లం మట్టి మోశాం.

పర్మిషన్ లేకుండా ఎట్లా తవ్వుతారని మెంబర్లంతా ఊడిపడ్డారు. ఒక్కడు కూడా ఇంటి దగ్గర ఆగలేదు. మా అత్త తట్ట దించి, కొంగుతో మొహం తుడుచుకుని, నిదానంగా మాట్లాడింది.

"అందరూ వచ్చినారు గదా నాయనా. ఈడనే కూర్చోని మీటింగు పెట్టండి. బావి వద్దనేటోళ్లు చెయ్యెత్తండి, చూస్తాం."

ఒక్క చెయ్యీ లేవలేదు. ఎత్తితే అవతలి పార్టీ ఊరంతా చాటుతుందని భయం. గొణుక్కుంటూ పోయారు.

నీళ్లు పడ్డాయి, తాగాం. అప్పుడొచ్చింది బండి, ప్రెసిడెంటు పేరు చెక్కిన నాపరాయి వేసుకుని. తమ పేర్లు లేవని కొత్తోళ్లు అక్కడే తగువు పెట్టుకున్నారు. రాయి బాగుంది, దించిపోండి అంది మా అత్త. దించిపోయారు. అక్షరాలు పైకుండేట్టు దాన్ని బావి పక్కన పరిచి, నా బిడ్డ పీతిగుడ్డలు దాని మీదే ఉతికాను.