వాగు నీళ్ళ తీజ్

బలరాం ఆ టీషర్టును ఎప్పుడూ తిరగేసి తొడుక్కునేవాడు. వాగు శుభ్రం చేసే ఇరవై మందికీ పంచిన టీషర్టు అది. వీపు మీద రామలింగం రైస్ మిల్లు పేరు పెద్ద పచ్చటి అక్షరాల్లో ఉంటుంది. బలరాం ఒంటి మీద మాత్రం కుట్లే కనబడేవి.

“బలరామన్నా, జర అద్దంల చూసుకోని రారాదే,” అని నవ్వేవాళ్ళు మిగతావాళ్ళు.

“చూసుకునే తొడిగిన,” అనేవాడు. అంతకు మించి చెప్పేవాడు కాదు.

మహబూబాబాద్ రోడ్డు దిగి ఆరు కిలోమీటర్లు లోపలికి పోతే వాళ్ళ తండా. తండా పక్కన జాలుబండ వాగు. వాగు వెంట పైకి పోతే రామలింగం మిల్లు, వడ్లు నానబెట్టి ఉడికించే మిల్లు. ప్రతి ఆదివారం ఉదయం ఏడింటికి ఈ ఇరవై మందీ వాగులో దిగి ప్లాస్టిక్ కవర్లు, పగిలిన సీసాలు, పెళ్ళిళ్ళ ఎంగిలి పళ్ళేలు ఏరేవాళ్ళు. అందరికంటే ముందు దిగేవాడూ, చివర గట్టెక్కేవాడూ బలరామే. ఈ పని మొదలుపెట్టింది సర్కారు బడిలో సైన్సు చెప్పే విజయ టీచరు. ఇలాంటి మనిషి ఊరికొక్కడున్నా చాలని ఆమె అందరితో అనేది. ఆమె దాన్ని సేవ అనుకుంది. అది పగ.

పగకు కారణం ఒక గోధుమ మొలకల బుట్ట.

శ్రావణంలో తండాల్లో పెళ్ళికాని ఆడపిల్లలు తీజ్ చేస్తారు. ఎరువు కలిపిన మట్టిని వెదురు బుట్టల్లో నింపి, నానిన గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్ళు పోస్తారు. తొమ్మిదో రోజు మొలకలను పిడికెడు తుంచి పెద్దల తలపాగాల్లో, చుట్టాల జేబుల్లో పెట్టి, మిగతావి వాగులో కలుపుతారు. ఆ మొలకలను వద్దన్న మనిషి ఇప్పటిదాకా లేడు. ఎవరి బుట్ట ఎంత పచ్చగా లేచిందో తండా మొత్తం చూస్తుంది. చూసి ఊరుకోదు కూడా.

పోయినేడు పిల్లలందరూ నల్లా నీళ్ళు పోశారు. బలరాం కూతురు సంగీత కూడా నల్లా కిందే బిందె పెట్టబోయింది. బలరామే అడ్డుపడ్డాడు.

“మా యాడి వాగు నీళ్ళే పోసింది. నల్లా నీళ్ళతోని తీజ్ ఏంది?”

తన తల్లి పేరు చెప్పి అడిగితే కూతురు కాదనలేదు. రోజూ పొద్దునా సాయంత్రమూ వాగుకు నడిచి బిందె మోసింది. ఆరో రోజుకు మొలకల కొసలు పసుపెక్కాయి. తొమ్మిదో రోజుకు మొదళ్ళు కుళ్ళి పక్కకు ఒరిగాయి. తండాలో తీజ్ పాటలు ఎత్తుకునే పెద్దావిడ కాళి. ఆమె బుట్ట ముందు నిలబడి, పాట ఆపి చెప్పింది.

“ముట్టు చెయ్యి తగిలింది. అది కాకుంటే ఇంకేదో ఉన్నది.”

ఆ ‘ఇంకేదో’ సరిపోయింది. సంగీత బుట్టను వాగుదాకా రానివ్వలేదు. అది పెంటకుప్ప మీద పడింది. మాట మాత్రం రఘునాథపల్లిలోని మేనత్త ఇంటిదాకా పోయి, అక్కడ కాళ్ళూ చేతులూ మొలిపించుకుని తిరిగొచ్చింది. సంగీత నలుగురిలో కూర్చోవడం మానేసింది.

మూడు రోజుల తర్వాత బలరాం వాగు వెంట పైకి నడిచాడు. మిల్లు గోడ కింద ఒక పైపు, పైపు కింద మురిగిన గంజి వాసన, నీళ్ళ మీద గోధుమరంగు నురగ. అతనికి విషయం అర్థమైంది. దాంతోపాటు ఇంకొకటీ అర్థమైంది, బిడ్డను ఆ నీళ్ళ దగ్గరికి పంపింది తన నోరే. ఆ రెండోది మోయడం అతని వల్ల కాలేదు. అందుకని దాన్ని కూడా తీసుకెళ్ళి రామలింగం నెత్తినే పెట్టాడు.

మిల్లులో అడిగితే రామలింగం కుర్చీలోంచి లేవలేదు.

“గోధుమలు ఎండినయని మిల్లు బంద్ పెట్టాల్నా బలరాం? పోయి నీ పిల్లకు నీళ్ళు పోసుడు నేర్పు.”

బలరాం వచ్చేశాడు. ఆ మాటను మాత్రం పొద్దున ముఖం కడుక్కున్నప్పుడల్లా గుర్తుచేసుకున్నాడు.

విజయ టీచరు వాగు పని మొదలుపెట్టగానే చేరిపోయాడు. ఆమె దగ్గర నీళ్ళలో ముంచితే రంగు మారే కాగితాలున్నాయి. సీసాను మూడుసార్లు అదే నీళ్ళతో కడిగి, నాలుగోసారి నింపి, కాగితం ముంచి, రంగు చూసి పుస్తకంలో రాసేది. ఒక్క చెడ్డ రంగు పడితే చాలు, మిల్లు మూతపడుతుందని బలరాం ఆశ. సీసా ముంచే పని అడిగి తీసుకున్నాడు. వారం వారం ముంచాడు. ప్రతి ఆదివారం నీళ్ళు బాగున్నాయనే వచ్చింది.

వానాకాలం ముందు ఎవరో మిల్లు మీద ఫిర్యాదు చేస్తే అధికారి వచ్చాడు. రామలింగం ఫోను తీసి, టీచరు వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఆ పుస్తకం ఫోటోలు చూపించాడు.

“నా మాట ఎందుకు సార్. తండా బలరాం సొంత చేతులతోని ముంచిన నీళ్ళు ఇవి.”

అధికారి టీ తాగి వెళ్ళిపోయాడు. శత్రువుకు మంచివాడని చీటీ రాసిచ్చింది తన చేతులేనని తెలిసిన రోజున బలరాం అన్నం తినలేదు.

గుట్టు విప్పింది మిల్లు కాపలాదారు బుచ్చయ్య. చాయ్ హోటల్లో బెంచీ మీద పక్కన కూర్చుని, ముఖం పక్కకు పెట్టుకుని చెప్పాడు.

“మీ వాట్సాప్ గ్రూపుల మా సేటు ఉన్నడు గద. ఆదివారం రమ్మని టీచరమ్మ మెసేజ్ రాంగనే దండం బొమ్మ పెడ్తడు. ఎన్కనే నాకు ఫోన్ చేస్తడు. శనివారం వాల్వు బంద్, సోమవారం పొద్దుగాల ఖుల్లా.”

“గిన్ని నెలలాయె, ఒక్కనాడన్న చెప్పకపోతివి.”

“నువ్వు అడగకపోతివి. అంగీ ఉల్టా తొడుక్కుంటవు, నీతోని ఏం మాట్లాడుతరు?”

బలరాం టీచరు దగ్గరికి పోయాడు. వేరే రోజున ముంచుదామన్నాడు. ఆమె ఆలోచించి తల అడ్డంగా ఊపింది.

“కాగితం ఒక్కసారి రంగు మారితే నువ్వే ఏదో కలిపినవంటరు అన్నా. నీకూ ఆయనకూ పడదని అందరికెరుకే. ఒక్కపూట సాక్ష్యం నిలవదు.”

ఒక్కపూటది కాని సాక్ష్యం ఏమిటో బలరాంకు ఇంటికొచ్చే దారిలో తట్టింది. ఈసారి తీజ్‌కు గోధుమలు నానబెడుతున్న రోజులవి. సంగీత నానబెట్టలేదు. అతను రెండు బుట్టలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

“దీనికి వాగుల మిల్లుకు పైదిక్కు నీళ్ళు. దీనికి మిల్లు కింది నీళ్ళు. నేను తెస్త. నువ్వు పొయ్యి.”

“మళ్ల నవ్వులపాలు చేస్తవా బాపు?”

“నవ్వినోళ్ళ నోర్లు ముయ్యనీకే.”

“నీ పగకు నా చెయ్యి కావాల్నా?”

బలరాం బుట్టలను ఆమెకు ఇంకాస్త దగ్గరగా జరిపాడు.

“ఔ. నీ చెయ్యే కావాలె. వేరే చెయ్యి పనికిరాదు.”

సంగీత అతని ముఖంలోకి చూసి, లేచి చెంబు తెచ్చుకుంది.

బలరాం చెప్పగానే ఒప్పుకున్న విజయ టీచరు ఆదివారం తప్ప రోజూ బడికి పోయే ముందు వచ్చి, అతనితో వాగుకు నడిచి, తన చేత్తోనే నీళ్ళు ముంచింది. పైనీళ్ళ బుట్టకు తెల్లదారం, కింది నీళ్ళ బుట్టకు ఎర్రదారం కట్టింది. గ్రూపులో ఒక్క ముక్క కూడా పెట్టలేదు. ఆరో రోజుకు ఎర్రదారం బుట్ట కొసలు పసుపెక్కాయి.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం తండాలో డప్పులు మోగాయి. వాగు శుభ్రత గురించి గట్టున పెట్టే బోర్డును ఆవిష్కరించమని తండా పెద్ద నాయక్ రామలింగాన్ని పిలిచాడు. ఆయన తెల్లచొక్కాలో వచ్చి, బుచ్చయ్యను వెనక నిలబెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. జనంలో బలరాంను చూసి నవ్వాడు.

“ఏం బలరాం, ఈయేడన్న నీళ్ళు పోసుడు నేర్సుకున్నదా పిల్ల?”

“నేర్సుకున్నది సేటు. నువ్వే సూడు.”

సంగీత ఇంట్లోంచి రెండు బుట్టలతో వచ్చింది. తెల్లదారం బుట్ట జానెడెత్తున నిగనిగలాడుతోంది. ఎర్రదారం బుట్ట పసుపుపచ్చగా ఒరిగిపోయి, మిల్లు పైపు వాసన కొడుతోంది. డప్పులు ఆగాయి. ఏ బుట్టకు ఎక్కడి నీళ్ళో బలరాం చెప్పాడు.

“ఏ నీళ్ళు పోసిండ్రో ఎవరు చూసిండ్రు?” అన్నాడు రామలింగం.

“నేను చూసిన. నేనే ముంచిన,” అంది విజయ టీచరు. “ఆదివారం తప్ప అన్ని రోజులు ముంచిన. ఆదివారం మీరు వాల్వు బంద్ పెట్టిస్తరు గద.”

బుచ్చయ్య తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

బలరాం కాళి వైపు తిరిగాడు. ఇక రామలింగంతో పనిలేనట్టు తమ తండా భాషలోకి మారాడు.

“యాడీ, రెండిట్లకు నీళ్ళు పోసింది ఒక్క చెయ్యే. అండ్ల ముట్టు చెయ్యి ఏదో చెప్పు.”

కాళి ముందుకొచ్చింది. పచ్చటి మొలకలను నిమిరింది. పసుపు మొలకల్లో వేళ్ళు పెట్టి వాసన చూసి, వేళ్ళను చీర కొంగుకు గట్టిగా తుడుచుకుంది.

“పచ్చబుట్ట నెత్తికెత్తుకో బిడ్డా. ముంగట నువ్వే నడువు.”

సంగీత ఎత్తుకోలేదు. ఎర్రదారం బుట్టలోంచి పిడికెడు మొలకలు, మొదళ్ళ బురదతో సహా పెకిలించి, రామలింగం కుర్చీ ముందు నిలబడింది.

“తీజ్ మొలకలు సేటు. చుట్టాలకు పెట్టాలె.”

ఆయన చెయ్యి అడ్డం లేచి, సగంలో ఆగిపోయింది. తండా మొత్తం ఆ చెయ్యినే చూస్తోంది. సంగీత తీరిగ్గా ఆయన చొక్కా జేబును వేలితో తెరిచి, మొలకలను లోపలికి కుక్కి, జేబును పైనుంచి ఒత్తింది. గోధుమరంగు నీళ్ళు తెల్లచొక్కా మీద బొడ్డుదాకా గీతగా దిగాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండునని ఆయనకే అనిపించి ఉంటుంది.

ఆ ఒత్తే చెయ్యి తనదై ఉండాలని ఏడాదిపాటు కలగన్న బలరాం నోరెళ్ళబెట్టి చూశాడు. రామలింగం బోర్డు ఆవిష్కరించకుండానే కారెక్కాడు. జేబులోవి మాత్రం తండా పొలిమేర దాటేదాకా తీసే ధైర్యం చేయలేదు.

మొలకలు వాగులో కలిపాక అందరూ వెళ్ళిపోయారు. తండ్రీకూతుళ్ళు గట్టున కూర్చున్నారు. పైనుంచి ఆ వాసన సన్నగా వస్తూనే ఉంది.

“పైపు ఇంక అట్లనే ఉన్నది గద బాపు?”

“ఉన్నది.”

“అయితే ఆదివారం గాదు, వాల్వు ఖుల్లా ఉండే మంగళారం నన్ను గూడ లేపు,” అంది సంగీత. “సీసా నేను ముంచుత.”